చెప్పుకున్న బిడ్డకు అండ: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల బడుల్లో వేధింపు, వివక్ష, ఫిర్యాదు
(స్మారక ఉపన్యాస పాఠం)

1. విషయ ప్రవేశం

బడిలో పిల్లలు పడే వేధింపు సంగతి పెద్దలకు తెలిసేసరికి ఎప్పుడూ ఆలస్యమే అవుతుంది. మార్కులు పడిపోయినప్పుడో, బడికి వెళ్లనని బిడ్డ మొండికేసినప్పుడో, హాస్టల్ నుంచి చెప్పకుండా ఇంటికి వచ్చేసినప్పుడో, అంతకన్నా ఘోరం జరిగినప్పుడో పెద్దలు కారణం వెతకడం మొదలుపెడతారు. అప్పటికి ఆ కారణం నెలల తరబడి తరగతి గదిలో అందరి కళ్లముందే ఉండి ఉంటుంది. పిల్లలను కాపాడడానికి ఈ దేశంలో చేసిన చట్టాలు తక్కువేమీ కావు. అయినా ఏలూరులోని మున్సిపల్ ఉన్నత పాఠశాలలో గానీ, తాడేపల్లిగూడెంలోని ప్రైవేటు బడిలో గానీ, కొల్లేటి లంకలోని ప్రాథమిక పాఠశాలలో గానీ వెనక బెంచీలో తలదించుకు కూర్చున్న బిడ్డ మాట ఆ చట్టాల దాకా చేరే దారి చాలాచోట్ల మూసుకుపోయే ఉంది.

చదువు చెప్పడమే బతుకుగా గడిపినవారి స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం ఆ దారిని గురించినది. ఫిర్యాదు చేయడం పిల్లవాడి ధైర్యం మీద ఆధారపడినంత కాలం వేధింపు ఆగదనీ, చెప్పుకున్న బిడ్డకూ, ఆ బిడ్డ తల్లిదండ్రుల బతుకుతెరువుకూ ఏ హానీ రాదన్న భరోసా బడి ముందుగా ఇచ్చినప్పుడే చట్టాలు పనిచేస్తాయనీ ఈ ఉపన్యాసం ప్రతిపాదిస్తున్నది.

2. వేధింపు, వివక్ష: అర్థాలు, అవధులు

పిల్లలు కలిసిన చోట పోట్లాటలు, అలకలు, ఆటపట్టించడాలు సహజంగానే ఉంటాయి. వాటన్నిటినీ వేధింపు అనలేము. పాఠశాలల్లో వేధింపుపై 1970లలో శాస్త్రీయ పరిశోధనకు బాట వేసిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ వేధింపుకు మూడు లక్షణాలు చెప్పాడు. మొదటిది, బాధపెట్టాలనే ఉద్దేశంతో చేయడం. రెండోది, పదేపదే చేయడం. మూడోది, చేసేవారికీ పడేవారికీ మధ్య బలంలో తేడా ఉండి, పడేవారు తమను తాము కాపాడుకోలేకపోవడం. ఈ మూడింటిలో చివరిదే కీలకం. సమానులైన ఇద్దరి మధ్య కొట్లాటను రాజీతో తీర్చవచ్చు గాని, బలమున్నవాడికీ లేనివాడికీ మధ్య జరిగినదాన్ని కరచాలనం చేయించి ముగిస్తే, ఓడినవాణ్ణి మళ్లీ ఓడించినట్టే అవుతుంది.

వేధింపు చేతితోనే జరగాలని లేదు. పేరు మార్చి పిలవడం, నడకనూ మాటనూ అనుకరించి నవ్వించడం, పుస్తకాలు దాచడం, ఆటలో చేర్చుకోకపోవడం, పక్కన ఎవరూ కూర్చోకుండా కట్టుబాటు చేయడం, వాట్సాప్ బృందంలో ఫొటో పెట్టి వెక్కిరించడం అన్నీ ఇందులోకే వస్తాయి. వీటిలో దెబ్బ కనిపిస్తుంది గనుక పెద్దలు దాన్ని పట్టించుకుంటారు. వెలివేత కనిపించదు గనుక ఏడాదంతా సాగిపోతుంది. యునెస్కో 2019లో ప్రచురించిన అంతర్జాతీయ నివేదిక ప్రకారం ప్రపంచవ్యాప్తంగా దాదాపు ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు అంతకు ముందు నెలలో ఒక్కసారైనా తోటివారి వేధింపుకు గురయ్యారు. అందుకు పిల్లలు ఎక్కువగా చెప్పిన కారణం తమ రూపురేఖలు.

వివక్ష దీనికన్నా లోతైనది. పుట్టుక, మతం, లింగం, వైకల్యం, పేదరికం, మాట్లాడే యాస వంటి కారణాలతో ఒక బిడ్డను తక్కువగా చూడడమే వివక్ష. ఇది పదేపదే జరగనక్కరలేదు, ఒక్కసారి జరిగినా తప్పే. పైగా ఇది పిల్లల వల్లనే జరగదు. ఉపాధ్యాయుల వల్ల, వంటవారి వల్ల, బడి పద్ధతుల వల్ల కూడా జరుగుతుంది. పిల్లలు ఒకరినొకరు వేధించుకునేటప్పుడు ఎన్నుకునే మాటలు చాలావరకు పెద్దల వివక్షనుంచి అరువు తెచ్చుకున్నవే. సాతారా బడిలో గోనెపట్టా మీద వేరుగా కూర్చున్న అంబేడ్కర్ బాల్యమూ, 1895లో వినుకొండలో పుట్టి బడిలోనే అంటరానితనపు అవమానాలు చవిచూసిన గుర్రం జాషువా బాల్యమూ ఆ వివక్ష ఎంత పాతదో చెప్పే సాక్ష్యాలు.

3. కొల్లేటి సీమలో బలాబలాలు

బలంలో తేడా అనేది ప్రతి ఊరిలో ఒకేలా ఉండదు. కొల్లేటి సీమలో అది నీటి చుట్టూ తిరుగుతుంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ తమ్మిలేరు, బుడమేరు నీళ్లను కలుపుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే కొల్లేరు సరస్సులో ఐదడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందింది. 2006లో ఆ పరిధిలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం ధ్వంసం చేసింది. ఈ పరిణామాలన్నిటిలోనూ చెరువు ఎవరి చేతిలో ఉంది, కూలి ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్నే లంక గ్రామాల బతుకును నిర్ణయిస్తూ వచ్చింది. తరతరాలుగా కొల్లేటిలో చేపలు పట్టే వడ్డీ కులంవారూ, లంకల్లోని దళిత కుటుంబాలూ, ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెరువుగట్టు మీద పాక వేసుకొని కాపలా కాసే వలస కూలీలూ తమ పిల్లలను పంపేది దగ్గర్లోని బడికే. చెరువును లీజుకు తీసుకున్నవారి బిడ్డలు కూడా కొన్నిచోట్ల అదే బడిలో చదువుతారు.

ఇటువంటి బడిలో ఏడో తరగతి చదివే ఒక కాపలాదారు కొడుకును ఊహించుకోవచ్చు. తెల్లవారకముందే తండ్రితో కలిసి చెరువుకు మేత వేసి, దోనె దిగి, తడిసిన ప్యాంటుతో బడికి వస్తాడు. ఒంటిమీద చేపల వాసన వస్తోందని ముక్కు మూసుకునేవాడు తన తండ్రికి కూలి ఇచ్చే రైతు కొడుకే. ఆ పిల్లవాడు ఉపాధ్యాయుడికి చెబితే సంగతి సాయంత్రానికి ఊరికి చేరుతుంది. మర్నాడు చేపల పట్టుబడికి తండ్రిని పిలవకపోవచ్చు, బయానా తిరిగి ఇచ్చేయమనవచ్చు. ఇక్కడ పిల్లవాడు మౌనంగా ఉండడం పిరికితనం కాదు. ఇంటి లెక్క తెలిసినవాడి జాగ్రత్త. బడి గోడల మధ్య పుట్టిన తగవుకు తీర్పు బడి బయటి కూలి సంబంధంలో జరిగిపోయే చోట, ధైర్యంగా చెప్పమని పిల్లవాడికి బోధించడం వల్ల ప్రయోజనం లేదు.

ఈ భయం ఊహాజనితం కాదనడానికి పశ్చిమ గోదావరి జిల్లాలోనే సాక్ష్యముంది. పాలకోడేరు మండలం గరగపర్రులో 2017లో అంబేడ్కర్ విగ్రహం ఏర్పాటుపై తలెత్తిన వివాదంలో దళిత కుటుంబాలను పొలం పనులకు పిలవకుండా సాంఘికంగా వెలివేశారు. హక్కు అడిగితే పని పోతుందన్న సంగతి పెద్దలు చెప్పకుండానే పిల్లలకు అర్థమవుతుంది.

వరద కూడా ఈ లెక్కలో ఒక అంకె. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేరు ఉబ్బినప్పుడు కైకలూరు, మండవల్లి ప్రాంతాల లంకలకు రాకపోకలు తెగిపోయాయి. అటువంటి రోజుల్లో బడికి రాలేని లంక పిల్లలు పాఠంలో వెనకబడతారు, వెనకబడినందుకు మొద్దులనిపించుకుంటారు, ఆ పేరు వరద తీశాక కూడా పోదు.

పట్టణాల్లో తేడా మరో రూపంలో ఉంటుంది. ఏలూరులో తివాచీలు నేసే ముస్లిం కుటుంబాల పిల్లలూ, జూట్ మిల్లు కార్మికుల పిల్లలూ, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బస్తాలు మోసే హమాలీల పిల్లలూ ఫీజు బకాయి పేరిట తరగతిలో నిలబడవలసి వచ్చినా, మార్కుల వరుసలో చివరి సెక్షన్‌కు పోవలసి వచ్చినా, ఆ గుర్తును ముందుగా వేసేది బడే. తోటి పిల్లలు దాన్ని ఎగతాళికి వాడుకుంటారు. పిల్లలను మార్కులనుబట్టి వేరుచేసి పేర్లు పెట్టే బడి వేధింపుకు కావలసిన ముడిసరుకును స్వయంగా అందిస్తున్నట్టే.

ఏలూరు జిల్లా ఉత్తర భాగంలోని బుట్టాయగూడెం, జీలుగుమిల్లి మండలాల కోయ, కొండరెడ్డి పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లోనూ మైదానపు హాస్టళ్లలోనూ చదువుకునేటప్పుడు ఇంటి భాషే వారికి చిక్కు తెస్తుంది. పోలవరం ప్రాజెక్టు వల్ల ఊళ్లు వదిలి పునరావాస కాలనీలకు వచ్చిన పిల్లలు పాత స్నేహితులను పోగొట్టుకొని కొత్త బడిలో అపరిచితులుగా కూర్చుంటారు. హాస్టళ్ల విషయంలో ఇంకొక మాట కూడా అనక తప్పదు. 2023 జూలైలో బుట్టాయగూడెం మండలంలోని ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో నాలుగో తరగతి బాలుడు రాత్రివేళ హత్యకు గురయ్యాడు. పగలు పాఠం చెప్పే ఏర్పాటు ఉన్నంత మాత్రాన బడి పూర్తికాదనీ, రాత్రి కాపలా లేని హాస్టల్‌లో చిన్నపిల్లలకు రక్షణ లేదనీ చెప్పడానికి ఆ ఒక్క ఘటన చాలు.

4. పళ్లెం దగ్గర, కుళాయి దగ్గర

వివక్షను చూడదలచుకున్న అధికారి తరగతి గదిలో కన్నా మధ్యాహ్న భోజనం వేళ వరండాలో నిలబడడం మేలు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరికి ముందు వడ్డించారు, వడ్డించే గరిటె ఎవరి పళ్లేనికి తగలకుండా పైనుంచి జారవిడిచింది, కుళాయి దగ్గర ఎవరు ఆగి ఎవరు ముందుకు వెళ్లారు, తిన్నాక చీపురు ఎవరి చేతికి వచ్చింది అన్న ఐదు విషయాలు గమనిస్తే ఆ బడి స్వభావం అరగంటలో తెలిసిపోతుంది. ఇంటినుంచి క్యారియర్ తెచ్చుకునేవారి వరుస వేరుగా ఉంటే అది ఇష్టం వల్లనా, ఇంటిలో చెప్పి పంపిన నియమం వల్లనా అన్నది కూడా అడిగి తెలుసుకోవలసిందే.

ఆంధ్రప్రదేశ్‌లో వండిన మధ్యాహ్న భోజనం 2003లో మొదలైంది. 2024 నుంచి అది డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్నది. వంటవారి నియామకంలో దళితులకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. ఆ ఆదేశానికి ముందు, ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల 531 గ్రామాల్లో దళిత అధ్యయన సంస్థ ఒకటి చేసిన సర్వేలో ఈ రాష్ట్రపు గ్రామాల్లో దాదాపు నాలుగో వంతు చోట్ల మధ్యాహ్న భోజనంలో ఏదో ఒక రూపంలో కులవివక్ష కనిపించింది. పిల్లలందరూ ఒకే పంక్తిలో, ఒకే చేతి వంట తినడం పోషకాహార పథకంలో ఒక అంశం మాత్రమే కాదు. అది ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేని సమానత్వపు పాఠం. ఆ పంక్తి చీలితే ఆ పాఠం తిరగబడుతుంది.

5. చట్టం ఇచ్చిన హామీలు

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలపై శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 2002 ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యా నియమాల్లోని 122వ నియమాన్ని సవరించి బడుల్లో దండనను నిషేధించింది. విద్యాహక్కు చట్టం 8, 9 సెక్షన్ల ప్రకారం బలహీన వర్గాల పిల్లలు వివక్షకు గురికాకుండా చూడడం ప్రభుత్వానికీ స్థానిక సంస్థకూ విధి. ఆ చట్టం కింద కేంద్రం 2010లో చేసిన నియమాలు తరగతి గది, మధ్యాహ్న భోజనం, ఆటస్థలం, తాగునీరు, మరుగుదొడ్డి, ఊడ్చే పని వరకు ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి చెప్పి, వాటిలో ఏ బిడ్డనూ వేరుచేయరాదన్నాయి. ప్రైవేటు బడుల్లో నాలుగో వంతు సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలన్న 12వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 విద్యాసంవత్సరం నుంచి అమలవుతున్నది గనుక, ఆ సీటులో చేరిన పిల్లవాణ్ణి ఉచితం సీటువాడని వేలెత్తి చూపకుండా కాపాడడం ఈ ప్రాంతపు ప్రైవేటు బడులకు ఇప్పుడు కొత్తగా వచ్చిన బాధ్యత.

దీనికి తోడు మరి కొన్ని చట్టాలున్నాయి. షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది; ఆ వర్గాలకు చెందినవారిని పదిమందిలో కులం పేరుతో దూషించడం, అవమానించడం ఆ చట్టం కింద నేరం. వికలాంగుల హక్కుల చట్టం 2016, వైకల్యం ఉన్నవారిని బహిరంగంగా అవమానించడాన్ని శిక్షార్హం చేసింది. పోక్సో అని పిలిచే 2012 నాటి చట్టం పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించినది. అటువంటి నేరం జరిగిందని తెలిసినా, జరిగే అవకాశం ఉందనిపించినా పోలీసులకు చెప్పడం ప్రతి ఒక్కరికీ విధి అనీ, చెప్పకుండా దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు ఉండవచ్చనీ అది చెబుతుంది. అందువల్ల ఇటువంటి సంగతిలో బడి పరువు పోతుందని పెద్దమనుషుల ముందు మాట్లాడి సర్దేయడం జాలి కాదు, నేరం.

వీటన్నిటికన్నా ఇటీవలిది, ఈ రాష్ట్రంతో నేరుగా ముడిపడినది, సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన తీర్పు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో వచ్చిన ఆ తీర్పు దేశమంతటా విద్యాసంస్థలకు మార్గదర్శకాలు విధించింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ లేదా మనస్తత్వ నిపుణుడు ఉండాలనీ, మార్కులనుబట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, పదిమందిలో అవమానించడం వీలైనంతవరకు మానాలనీ, ర్యాగింగ్, వేధింపు, కులం, మతం, లింగం, వైకల్యం వంటి కారణాలతో జరిగే వివక్ష గురించి గోప్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలనీ ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఫిర్యాదు చేసినవారిపై కక్షసాధింపును సహించరాదన్నది వాటిలోని ముఖ్యాంశం.

6. మౌనానికి మూలాలు

ఇన్ని హామీలున్నా పిల్లలు చెప్పకపోవడానికి మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, చెప్పిన వెంటనే వచ్చే సమాధానం. చాడీలు చెప్పకు, నీ పని నువ్వు చూసుకో, నువ్వేం చేశావో అది చెప్పు అన్న మూడు మాటలు పిల్లల నోరు శాశ్వతంగా మూయించగలవు. రెండోది, చెప్పిన సంగతి దాగకపోవడం. ఫిర్యాదుల పెట్టె ప్రధానోపాధ్యాయుడి గది పక్కనే, అందరూ చూసే వరండాలో వేలాడుతుంది; దాని తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది; చీటీ రాసినది ఎవరో చేతిరాత చెప్పేస్తుంది. తనను బాధపెట్టినది ఉపాధ్యాయుడే అయినప్పుడు ఆ బిడ్డ ఆ పెట్టెలో ఏం వేస్తాడు? మూడోది, చెప్పినందుకు పడవలసిన శిక్ష.

ఈ మూడో కారణం ఎంత దారుణం కాగలదో పొరుగున ఉన్న తమిళనాడులో తేలింది. తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో తోటి విద్యార్థుల కులవేధింపు భరించలేక బడి మానేసిన ఒక దళిత విద్యార్థి, ఉపాధ్యాయులు పిలిపించి అడగగా జరిగినదంతా చెప్పాడు. 2023 ఆగస్టులో ఆ ఫిర్యాదు తరవాత కొందరు విద్యార్థులు రాత్రివేళ అతడి ఇంట్లోకి చొరబడి కొడవళ్లతో నరికారు. అడ్డువచ్చిన చెల్లెలు కూడా గాయపడింది. బడి అతడి మాట విన్నది, కాని విన్న తరవాత అతడు ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడో ఆలోచించలేదు. ఈ ఘటన తరవాత తమిళనాడు ప్రభుత్వం నియమించిన జస్టిస్ కె.చంద్రు కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇచ్చి, బడుల్లో కులాన్ని తెలిపే రంగు దారాలు, గుర్తులు నిషేధించాలనీ, పెద్ద ఉన్నత పాఠశాలల్లో విద్యార్థుల సంక్షేమానికి ప్రత్యేక అధికారి ఉండాలనీ సూచించింది.

పెద్దలే పిల్లలచేత వేధింపు చేయించిన సందర్భమూ ఉంది. 2023 ఆగస్టులోనే ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలోని ఒక ప్రైవేటు బడిలో ఉపాధ్యాయురాలు ఒక ముస్లిం బాలుణ్ణి తోటి పిల్లలచేత ఒకరి తరవాత ఒకరిగా చెంపదెబ్బలు కొట్టించింది. దానిపై విచారణ జరిపిన సుప్రీంకోర్టు, విద్యాహక్కు చట్టం అమలులో రాష్ట్రం విఫలమైనట్టు కనిపిస్తున్నదని వ్యాఖ్యానించి, దెబ్బలు తిన్న బాలుడికే కాక కొట్టిన పిల్లలకు కూడా కౌన్సెలింగ్ ఇప్పించాలన్నది. ద్వేషం నేర్పడం వల్ల నేర్చుకున్న పిల్లలు కూడా నష్టపోతారన్న గ్రహింపు ఆ మాటలో ఉంది.

7. ఫిర్యాదు నడవవలసిన దారి

పిల్లవాడు చెప్పేదాకా కాచుకొని కూర్చోవడం మాని బడే అడగాలన్నది మొదటి సూత్రం. ఓల్వేయస్ పద్ధతికి పునాది పేరు రాయనవసరంలేని ప్రశ్నపత్రమే. 1982లో వేధింపు తట్టుకోలేక ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసుకోవడంతో నార్వే ప్రభుత్వం చేపట్టిన కార్యక్రమంలో, బెర్గెన్ నగరపు 42 బడుల్లో సుమారు 2,500 మంది పిల్లలపై జరిపిన అధ్యయనం రెండేళ్లలో వేధింపు దాదాపు సగానికి తగ్గిందని చూపింది. ఏలూరు జిల్లాలోని బడుల్లో మూడు నెలలకొకసారి ప్రతి తరగతిలో ఒక కాగితం పంచి, ఈ మధ్య ఎవరైనా నిన్ను ఏడిపించారా, ఎక్కడ, ఏ వేళలో, ఎవరినైనా వేరుగా కూర్చోబెట్టడం చూశావా అని అడిగి, గుర్తులు మాత్రమే పెట్టించి, ఆ కాగితాలను క్లస్టర్‌లోని వేరే బడి ఉపాధ్యాయుడు లెక్కకట్టే ఏర్పాటు చేస్తే, పెద్దగా ఖర్చు లేకుండానే ఏ మూల, ఏ గంటలో, ఏ దారిలో పిల్లలు బాధపడుతున్నారో తెలుస్తుంది.

చెప్పుకొన్న మాటను ఎలా వినాలన్నది రెండో సూత్రం. బిడ్డను ఏకాంతంగా, కాని భయం కలగని చోట కూర్చోబెట్టి, మధ్యలో తీర్పు చెప్పకుండా విని, ఆ బిడ్డ వాడిన మాటల్లోనే రాసుకోవాలి. బాధపెట్టినవారిని పిలిపించి ఎదురెదురుగా నిలబెట్టడం, అందరిముందు క్షమాపణ చెప్పించడం చేయరాదు. ఆ సాయంత్రం ఆ బిడ్డ ఇంటికి ఎవరితో వెళ్తాడు, పడవ రేవు దాకా ఎవరు తోడుంటారు, రేపు ఎక్కడ కూర్చుంటాడు అన్న మూడు ప్రశ్నలకు జవాబు అదే రోజు దొరకాలి. తరవాత వారంలో ఒకసారి, నెలలో ఒకసారి ఆ బిడ్డనే మళ్లీ పిలిచి పరిస్థితి కనుక్కోవాలి. ఈ పనికోసం ప్రతి బడిలో ఒక పుస్తకం ఉండి, అందులో తేదీ, పిల్లవాడు చెప్పినది, ఆ రోజు చేసినది, వారం తరవాతి స్థితి, నెల తరవాతి స్థితి అనే ఐదు గడులు ఉంటే చాలు. చివరి రెండు గడులు ఖాళీగా ఉన్న పుస్తకం విన్నట్టు నటించిన బడికి సాక్ష్యం.

బడి వినని పక్షంలో బయటికి పోయే దారి తెలిసి ఉండాలన్నది మూడో సూత్రం. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ ప్రకారం ఎవరైనా స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆ సంస్థ ఇరుపక్షాల మాట విని మూడు నెలల్లో తేల్చాలి. తృప్తి కలగకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. ఫిర్యాదు ఇచ్చేది బాధితుల తల్లిదండ్రులే కానక్కరలేదు గనుక, కూలి పోతుందని భయపడే కాపలాదారు బదులు ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడో, స్వచ్ఛంద కార్యకర్తో ఆ కాగితం మీద సంతకం చేయవచ్చు. కొల్లేటి లంకల్లో ఈ ఒక్క వెసులుబాటును వాడుకుంటే ఎన్నో నోళ్లు తెరుచుకుంటాయి. ఆపదలో ఉన్న ఏ బిడ్డ కోసమైనా 1098కు, పోలీసు సాయానికి 112కు, ఆన్‌లైన్ వేధింపుల విషయంలో 1930కి ఫోన్ చేయవచ్చు. గ్రామ, వార్డు సచివాలయంలో మహిళా సంరక్షణ కార్యదర్శి ఉంటారు. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే బడిలో విచారణ పేరిట ఒక్క రోజు కూడా ఆపకుండా నేరుగా పోలీసులకు చెప్పాలి.

8. చూస్తూ ఉండేవారి బలం

వేధింపు ఇద్దరి మధ్య జరిగినట్టు కనిపించినా దాన్ని నిలబెట్టేది చుట్టూ ఉన్న తరగతి. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం రూపొందించి 2009లో దేశమంతటా ప్రవేశపెట్టిన కీవా కార్యక్రమం ఈ సత్యం మీదే నిలిచింది. నవ్వేవారు నవ్వడం మానేస్తే, చూసేవారిలో ఒకరిద్దరు వెళ్లి పక్కన కూర్చుంటే వేధించేవాడికి దక్కే గొప్పతనం పోతుందని ఆ పరిశోధకులు చూపారు. కొల్లేటి బడుల్లో ఈ పనికి ఫిన్లాండ్ పుస్తకాలు అక్కరలేదు. వారానికి ఒక పీరియడ్‌లో ఉపాధ్యాయుడు పిల్లలను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, ప్రతి గుంపులోనూ లంక నుంచి వచ్చినవారూ ఊరివారూ, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసేలా చూసి, కొల్లేటి పక్షుల గురించో, ఉప్పుటేరులో నీటిపోటు గురించో ఒక పని అప్పగిస్తే చాలు. చేపల రకాలు, వలల రకాలు, గాలివాటం వంటి విషయాల్లో తరగతిలో అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు ఆ కాపలాదారు కొడుకే. అతడి తెలివి అందరికీ తెలిసిన రోజున, ముక్కు మూసుకున్నవాడే ప్రశ్న అడగడానికి అతడి దగ్గరికి వస్తాడు.

వేధించే బిడ్డ కూడా బిడ్డేనన్న సంగతి మరవరాదు. బాలల న్యాయ చట్టం 2015 పిల్లలు చేసిన తప్పులను పెద్దల నేరాలతో సమానంగా చూడదు. దాని నియమాల ప్రకారం కనీస శిక్ష ఏడేళ్లు, అంతకు మించి ఉన్న ఘోర నేరాలు, పెద్దలతో కలిసి చేసిన నేరాలు తప్ప మిగతావాటిలో పిల్లలపై ఎఫ్‌ఐఆర్ నమోదు చేయరు. టీసీ ఇచ్చి పంపేయడం బడికి సులువైన మార్గమే గాని, దానితో వేధింపు మరో బడికి బదిలీ అవుతుంది, అంతే. తను చేసినది ఏమిటో ఆ బిడ్డకు అర్థమయ్యేలా చెప్పి, జరిగిన నష్టాన్ని పూడ్చే పని ఒకటి చేయించి, ఇంట్లో తను పడుతున్న బాధ ఏమైనా ఉందేమో కనుక్కోవడం కష్టమైనదే. అయినా బడి చేయవలసిన పని అదే. అయితే ఆ దయ బాధపడిన బిడ్డ భద్రతను బలిపెట్టి చూపేది కాకూడదు.

9. ఉపసంహారం

సాధారణంగా ఏటా జూన్ 12న ఈ రాష్ట్రంలో బడులు తెరుస్తారు. పుస్తకాలు, యూనిఫాంలు ఇచ్చే ఆ మొదటి వారంలోనే ప్రతి బడి మూడు పనులు చేయవచ్చు. పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశం పెట్టి, ఈ బడిలో ఏ బిడ్డనూ కులం, మతం, రూపం, ఆస్తి, యాస పేరుతో తక్కువ చేయనివ్వమనీ, ఫిర్యాదు చేసిన కుటుంబానికి ఊరిలో ఏ ఇబ్బంది వచ్చినా కమిటీ వారి పక్షాన నిలుస్తుందనీ తీర్మానం రాసి గోడకు అంటించడం మొదటిది. భోజనాల దగ్గర వరుసలు, కుళాయి దగ్గర వంతులు, ఊడ్చే పని పంచే తీరు ఒక ఉపాధ్యాయుడు రోజూ చూసేలా బాధ్యత అప్పగించడం రెండోది. పేరు అడగని ప్రశ్నపత్రాన్ని మూడు నెలలకొకసారి ఇచ్చే ఏర్పాటు చేయడం మూడోది. వీటికి కొత్త చట్టం గానీ కొత్త నిధులు గానీ అక్కరలేదు. ఊరి పెద్దల మనసు మాత్రం కావాలి.

ముఖ్యంగా మొదటి పని చెరువు యజమానులు, లీజుదారులు, మిల్లు యజమానులు, రైతులు కమిటీలో ఉన్న చోట చేసి చూపవలసినది. తన దగ్గర పనిచేసే మనిషి బిడ్డ తన బిడ్డమీద ఫిర్యాదు చేస్తే కూలి మాన్పించనని అటువంటి పెద్ద ఒకరు పదిమంది ముందు చెప్పిన రోజున, ఆ ఊరి బడిలో వందల చట్టాలు చేయలేని పని జరుగుతుంది. బిడ్డ బడిలో చెప్పుకునే మాటకు కూలితో ముడి తెగాలి. ఆ ముడి తెంచడం ఉపాధ్యాయుల వల్లనో అధికారుల వల్లనో మాత్రమే అయ్యే పని కాదు, ఊరంతటి బాధ్యత. కొల్లేటి సీమలోని ప్రతి ఊరు ఆ బాధ్యతను తలకెత్తుకోవాలన్నదే ఈ స్మారక ఉపన్యాసపు విన్నపం.